చిత్రాంగి దోషమేనా?

బళ్ళారిలో వకీలు వృత్తి సాగించుచు, సరస వినోదినీ సభను నెలకొల్పి, ఆంధ్ర నాటక పితామహులని లోకముచే కొనియాడబడిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912), రూపకము మంగళాంతమై తీరవలెనను పూర్వుల కట్టుబాటును దాటి, 'విషాద సారంగధర'ను రచించిరి.

అందు రాజమహేంద్రవరము నేలు రాజరాజనరేంద్రుడు, ఎదిగిన కొడుకు సారంగధరుడుండగా, ఆ కొడుకు ఈడుదైన చిత్రాంగిని పరిణయమాడెను. సారంగధరుని పావురము ఎగిరిపోయి ఆమె మేడపై వ్రాలినది. దానికొరకై అతడు అంతఃపురమున అడుగిడెను. ఆమె వలచినది, అతడు తల్లివని దూరముగా తొలగెను. భంగపడిన చిత్రాంగి నేరమును అతనిపైననే మోపినది.

లోకము ఆమెను నిందించి ఊరకుండును. నాకట్లు తోచదు. ఆ పిల్ల మనసు నెవరడిగిరి? తన ముదిమి నెరిగిన భర్తకు అనుమానము ముందే గుండెలో గూడు కట్టుకొని యుండును గనుకనే, భార్య పలికిన ఒక్క అపనింద అతనికి చాలినది. భర్తయు, తండ్రియు, న్యాయాధిపతియు తానొక్కడేయైన ఆ రాజు, తొందరపడి కన్నకొడుకు కాలుసేతులు ఖండింప నానతిచ్చెను. వాది తీర్పరి యగుటలోని ఘోరమును న్యాయస్థానమెరిగిన రచయితకు వేరుగా చెప్పవలెనా!

ఆచార్యులవారి రోజులలోనే, 1892లో, విజయనగరమున ప్రదర్శితమైన గురజాడవారి 'కన్యాశుల్కము' సైతము ముసలివానికి ముక్కుపచ్చలారని పిల్లను కట్టబెట్టు దురాచారమునే ఎత్తిచూపినది. అందు ఆ పిల్లయైన సుబ్బిని కాపాడుటకు మేనమామ కరటకశాస్త్రి పూనుకొనెను. చిత్రాంగి పెండ్లినాడు అట్టి మేనమామ లేడు.