దాపరికము వేఱు, తెలియకుండుట వేఱు

జ్ఞానము మేలనియు, అజ్ఞానము కీడనియు మనమందఱము చిన్ననాటనుండి వినుచున్నాము. సంఘసంస్కారమును గోరువారికి ఈ మాట మూలసూత్రము వంటిది. కాని తెలిసికొన్నను తప్పించుకొనుటకు మార్గము లేని కీడు గలదు. అట్టిదానిని ముందుగ తెలిసికొనుట కూడ మనుజునకు విధియేనా? తనకు తెలిసినదానిని తనవారికి చెప్పక దాచువాడును, తెలిసికొనుటకే యిష్టపడనివాడును ఒకే దోషమునకు పాలగుదురా? వంశపారంపర్యముగ సంక్రమించు మెదడు వ్యాధులను గూర్చి శాస్త్రజ్ఞులు సలుపుచున్న పరిశోధనలు ఈ ప్రశ్నను పండితుల గోష్ఠినుండి మన యింటి నడవలోనికి తెచ్చినవి. కావున దీనిని కొంచెము విచారింతము.

అట్టి వ్యాధులలో హంటింగ్టన్ వ్యాధి యొకటి. జార్జి హంటింగ్టన్ అను అమెరికా వైద్యుడు 1872వ సంవత్సరమున, తన యిరువదిరెండవ యేట, దీనిని వర్ణించి యొక వ్యాసమును ప్రకటించెను. ఆయన తండ్రియు, తాతయు లాంగ్ ఐలండు ద్వీపమున వైద్యులే. మూడు తరముల వైద్యులు అవే కుటుంబములను జూచుచు వచ్చిరి గనుకనే, ఈ రోగము తండ్రినుండి బిడ్డకు, బిడ్డనుండి మనుమనికి దిగుచున్న తీరు ఆయనకు స్పష్టమయ్యెను. ఆ వ్యాసములో రోగలక్షణములతో బాటు మఱియొక సంగతియు గలదు. ఆ కుటుంబములవారు దానిని పేరుపెట్టి పలుకుటకు జంకుదురనియు, తప్పనిసరియైనపుడు మాత్రము 'ఆ రోగము' అందురనియు ఆయన వ్రాసెను. రోగమును స్పష్టముగ వర్ణించిన ఆ పత్రమునందే దాని చుట్టునున్న దాపరికమును కనబడుచున్నది.

ఈ వ్యాధి సాధారణముగ ముప్పది, యేబది యేండ్ల నడుమ బయటపడును. కాలుసేతులు తమంతట తామే కదలుచుండును, నడక తడబడును, మాట ముద్దయగును, దిగులు, కోపము హెచ్చును, క్రమముగ బుద్ధి మందగించును. పదునైదు, ఇరువది యేండ్లలో మరణము సంభవించును. మేనరికముతో దీనికి పనిలేదు. తల్లిదండ్రులలో ఒక్కరినుండి వచ్చిన దోషమే చాలును. పుట్టిన ప్రతిబిడ్డకును, ఆడయైనను మగయైనను, సగపాలు అవకాశము గలదు. నాలుగవ క్రోమోసోమునందలి యొక జన్యువులో సి.ఏ.జి. అను మూడక్షరములు వరుసగ మరల మరల వచ్చుచుండును. అవి 35 మార్లకు మించనివారికి భయము లేదు. 36 మొదలు 39 వఱకున్నచో వ్యాధి రావచ్చును, రాకపోవచ్చును. 40కి చేరినచో, నిండు ఆయుష్షు బ్రతికినవారికి అది తప్పదు. ఆ జన్యువు ననుసరించి తయారగు ప్రోటీను వికృతమై, మెదడులోని నాడీకణములను నశింపజేయును.

ఈ జన్యువు దొరకిన వృత్తాంతమునందే మన ప్రశ్నకు సగము సమాధానము గలదు. కాలిఫోర్నియాలో లియొనోర్ వెక్స్లర్ అను నామెకు 1968లో ఈ వ్యాధి యున్నట్లు తేలెను. ఆమె తండ్రియు, సోదరులును దానివలననే మరణించిరి. అయినను ఆ ప్రమాదము తమకును గలదని ఆమె కుమార్తెలైన ఆలిస్, నాన్సీలకు అంతవఱకు ఎవరును చెప్పలేదు. వారి తండ్రి మిల్టన్ వెక్స్లర్ ఇద్దఱను పిలిచి ఉన్నదున్నట్లు చెప్పెను. పిమ్మట పరిశోధనలకు తోడ్పడుటకై యొక సంస్థను నెలకొల్పెను.

నాన్సీ 1979లో వెనెజులా దేశమునందలి మరకైబో సరస్సు తీరమునకు పోయెను. అచ్చటి బీద జాలరి పల్లెలలో ఈ వ్యాధి లోకములో మఱెచ్చటను లేనంత దట్టముగ నున్నది. అమెరికో నెగ్రెటె అను ఆ దేశపు వైద్యుడు 1950ల నాడే దానిని గుర్తించియుండెను. పల్లెవాసులు దానిని 'ఎల్ మాల్' అందురు. కీడు అని అర్థము. పరదేశులకు తమ రక్తమిచ్చుటకు వారు జంకినపుడు, నాన్సీ తన చేతిమీది చిన్న మచ్చను చూపెనట. పరిశోధనకై ఆమె తన చర్మపు ముక్క నిచ్చినచోటి మచ్చ యది. తానును అట్టి యింటిబిడ్డనే యని ఆమె చెప్పిన పిమ్మట వారు నమ్మిరి. క్రమముగ పది తరములకు చెందిన పదునెనిమిది వేలమందికి పైబడిన వంశవృక్షము సిద్ధమయ్యెను. ఆ రక్తము సాయముననే 1983లో జేమ్స్ గుసెల్లా ప్రభృతులు ఆ జన్యువుండు తావును పసికట్టిరి. 1993లో ఆఱు బృందములకు చెందిన 58 మంది శాస్త్రజ్ఞులు జన్యువునే కనుగొనిరి. పేరెత్తుటకే భయపడు రోగమును గూర్చి నోరువిప్పి మాటాడినవారు లేకున్న ఈ శాస్త్రమే లేదు.

జన్యువు దొరకినతోడనే చిక్కు ప్రశ్న మొదలయ్యెను. ఆరోగ్యముగ నున్న ఇరువదియేండ్ల యువకునకు, నీకు ముందెప్పుడో ఈ వ్యాధి వచ్చును, లేక రాదు, అని రక్తపరీక్షవలన ఖండితముగ చెప్పవచ్చును. కాని వచ్చునని చెప్పినపిదప ఇచ్చుటకు మందు లేదు. పరీక్ష రాకమునుపు చాలమంది చేయించుకొందుమనిరి. వచ్చినపిదప చేయించుకొన్నవారు, పలుదేశముల లెక్కలను బట్టి, ప్రమాదమున్నవారిలో ఐదవవంతునకు మించలేదు. వీరినందఱను పిఱికివారనుట న్యాయమా? మరణదినము నెఱుగనిచో మనుజుడు పొలము దున్నును, ఇల్లు కట్టును, పాట నేర్చుకొనును. ఎఱిగినచో కొందఱు ధైర్యముతో జీవితమును తీర్చిదిద్దుకొందురు. కొందఱు ప్రతి తడబాటునందును రోగమునే చూచుచు, అది రాకమునుపే చత్తురు. ఎవనికేది తగునో బయటివారు నిర్ణయింపజాలరు. ఆ పరీక్ష కొఱకు పాటుపడిన నాన్సీ వెక్స్లర్ కూడ తన సంగతిని చాలకాలము లోకమునకు తెలుపలేదు. తనకును వ్యాధి వచ్చినదని 2020లో వెల్లడించెను. ఆమె వంశరోగమును ఒక్కనాడును దాచలేదు. తన భవిష్యత్తును మాత్రము తనయొద్దనే యుంచుకొనెను. ఈ రెంటికి గల భేదమునే మేము చదువరుల దృష్టికి తేగోరుచున్నాము.

నాకు వచ్చునా రాదా యనుట నా సంగతి. మా వంశములో గలదనుట నా యొక్కనిది కాదు. నా తోబుట్టువులది, నన్ను పెండ్లాడబోవునామెది, పుట్టబోవు బిడ్డలది. మొదటిదానిని తెలిసికొనకుండుటకు నాకు స్వేచ్ఛ గలదు. రెండవదానిని దాచుటకు నాకు హక్కు లేదు. ఏలయన, దాచుటవలన నేను ఇతరుల స్వేచ్ఛను అపహరించుచున్నాను. ఆంగ్లదేశమున 2009లో ఒక తండ్రికి ఈ వ్యాధి యున్నట్లు తేలెను. గర్భవతియైయున్న కుమార్తెకు చెప్పవలదని ఆయన వైద్యులను కోరెను, వారును చెప్పలేదు. బిడ్డ పుట్టినపిదప ఆమెకు సంగతి తెలిసెను. తర్వాత తనకును ఆ జన్యువు గలదని తేలెను. ఆమె న్యాయస్థానమున కెక్కెను. వ్యాజ్యము గెలువలేదుగాని, రోగి రహస్యమును, ప్రమాదములో నున్న బంధువు మేలును తూచిచూచుట వైద్యుని విధియని 2020లో ఆ న్యాయస్థానము అంగీకరించెను.

మన యిండ్ల సంగతి చూతము. ఈ వ్యాధి మన దేశమునను గలదు. బెంగుళూరులోని నిమ్హాన్సు వైద్యశాలలో ఇట్టి కుటుంబములకు పరీక్షయు, సలహాయు లభించుచున్నవి. పెండ్లి కుదుర్చునపుడు అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు చూడవలెనని మనవారందురు. కాని చూచుచున్నదేమి? గోత్రము, నక్షత్రము, ఆస్తి. తాతను పిచ్చివాడని వెనుకగదిలో ఏల నుంచిరి, మేనత్త నలువదవ యేట ఏల మంచమెక్కెను అని అడుగువారు అరుదు. అడిగినను నిజము చెప్పువారు మఱియు నరుదు. పదేండ్లకు పిమ్మట భర్త నడక తడబడినచో, అది కోడలు కాలుపెట్టిన వేళావిశేషమగును. గాలి సోకినదనియు, కర్మమనియు అనుకొందురు. పాపము, ఆ యిల్లాలు తనకెవ్వరును చెప్పని వ్యాధికి పరిచారికయు, తాను చేయని నేరమునకు ముద్దాయియు నగును. ఇంతకంటె గొప్ప అన్యాయము ఒక కుటుంబములో మఱేమి యుండును?

చెప్పినచో సంబంధములు తప్పిపోవును, ఇంటి ఆడపిల్లలకు పెండ్లిండ్లు కావు అని కొందఱందురు. ఈ భయము వట్టిది కాదు. కాని దానిని పుట్టించినది జన్యువు కాదు. విన్నవెంటనే ముఖము చిట్లించి, ఊరంతయు చాటు మనమే. కావున విధి ఇరువైపుల గలదు: చెప్పువాడు దాచరాదు, వినువాడు వెలివేయరాదు. జ్ఞానము చేతబట్టి వెలివేసినవారు లోకములో లేకపోలేదు. జర్మనీలో హిట్లరు ప్రభుత్వము 1933లో చేసిన చట్టమున, బలవంతముగ సంతానశక్తిని పోగొట్టదగిన రోగముల పట్టికలో ఈ వ్యాధిని గూడ చేర్చిరి. అందుచేతనే 1994లో వైద్యులును, రోగుల సంఘములును కలిసి నియమములు చేసికొనిరి: ఎవ్వరును బలవంతపెట్టరాదు, పిల్లలకు పరీక్ష చేయరాదు, ముందును వెనుకను తగిన సలహా యీయవలెను.

ఇంతటితో చిక్కులన్నియు విడిపోయినవని మేమనము. తాతకు వ్యాధి గలదు, తండ్రి తన సంగతి తెలిసికొననొల్లడు, కుమారుడు తెలిసికొనగోరును. కుమారునకు ఉన్నదని తేలినచో, తండ్రికిని ఉన్నదని చెప్పకయే చెప్పినట్లగును. ఒకరి తెలివి మఱియొకరి మౌనమును భంగపఱచును. మా యభిప్రాయమున, బ్రతుకు ముందున్న కుమారుని కోరికను కాదనరాదు. కాని ఫలితమును తండ్రి యెదుట పెట్టకుండు మర్యాదను అతడు పాటింపవలెను. ఇంకొక మార్గమును శాస్త్రమే చూపినది. దంపతులకు తమ స్థితిని తెలుపకయే, ప్రయోగశాలలో పిండములను పరీక్షించి, దోషము లేనిదానినే తల్లి గర్భమున నుంచవచ్చును. తాను తెలిసికొనకయే బిడ్డను కాపాడుట దీనివలన సాధ్యమైనది.

మందు వచ్చినచో ఈ ధర్మవిచారము మాఱదా? కొంత మాఱును. ముందుగ తెలిసినవారికి మేలు కలుగునట్టి మందు వచ్చిననాడు, తెలియకుండుటకు నేడున్న బలము తగ్గును. ఆ దినము ఇంకను రాలేదు. వికృత ప్రోటీను తయారీని తగ్గించుటకు వెన్నులోనికి ఎక్కించిన మందు ప్రయోగమును 2021 మార్చిలో ఆపివేసిరి. హెచ్చుగ మందు పొందినవారి స్థితి మెఱుగుపడకపోవుటయేగాక క్షీణించెను. హానిలేని వైరసు మూలమున మెదడులోనికే మందును పంపు మఱియొక ప్రయోగమున, హెచ్చు మోతాదు పొందిన పండ్రెండుగురిలో మూడేండ్లకు వ్యాధిగమనము 75 శాతము మందగించినదని 2025 సెప్టెంబరులో ప్రకటించిరి. వారు కొద్దిమంది, పోల్చినది వేఱుగ సేకరించిన రోగుల లెక్కలతో. ఆశపడదగును, నిశ్చయింపదగదు.

ఏ మందు వచ్చినను దాని వెనుక మరకైబో సరస్సు తీరపు జాలరుల రక్తము గలదు. దాచక యిచ్చినవారు బీదలు. మందు వచ్చిననాడు కొనగలవారు ధనికులు. ఆ మందు ఆ పల్లెలకు చేరనిచో శాస్త్రము తన ఋణమును ఎగవేసినట్లే యగును. ఇక మన వంతు ఋణము చిన్నది. ఇంటిలో ఏ రోగము గలదో దానిని పేరుపెట్టి పలుకుదము, ఎదిగిన బిడ్డలకును, సంబంధము కలుపుకొనబోవువారికిని చెప్పుదము, చెప్పినవారిని గౌరవింతము. ఆపైన తన రక్తములో ఏమున్నదో తెలిసికొనుటయో, మానుటయో ఎవరికి వారే నిర్ణయించుకొందురు గాక.