దిక్కులేనివారికి తిలోదకము



పితృతర్పణము చేయువారికి ఒక సంగతి తెలిసియే యుండును. తండ్రికి, తాతకు, ముత్తాతకు, మాతృవర్గమునకు, ఆప్తులకు పేరుపేరున నీళ్ళు విడిచిన తరువాతను ఆ కర్మ ముగియదు. వంశమున పుట్టి, సంతానము లేక గతించినవారి కొరకు తడివస్త్రమును పిండి ఆ నీటిని నేలపై విడుచుట కలదు. అక్కడ పేరు పలుకవలసిన పని లేదు. నీరు మాత్రము విడువవలెను. తనను తలచువారు లేక పోయిన జీవుడొకడు ఉండునేమో యని మన పెద్దలు అంత దూరము ఆలోచించిరి.

సికింద్రాబాదు తిరుమలగిరిలో నివసించు మనకు ఇది దూరపు మాట కాదు. ఇచ్చటికి దక్షిణమున కొన్ని మైళ్ళలోనే మూసీనది కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినది. మరణించినవారు సుమారు 15 వేలమంది యని అంచనా. మహాలయ పక్షము ముగిసి కొద్దిదినములే యైనది. ఆ పక్షమున తమ పితరులకు నీళ్ళు విడిచినవారెందరో ఆ ప్రవాహమున పోయియుందురు. ఇల్లిల్లంతయు కొట్టుకొనిపోయినచోట వారికి నీళ్ళు విడుచుటకు మిగిలినవారెవరు? ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలో పోగొట్టుకొని తానొక్కడే బ్రదికి బయటపడెను. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున కలదు.

ఆ విపత్తునకు నగరము ఏమి చేసినది? అన్నశాలలు తెరచిరి. సరోజినీ నాయుడు వంటివారు బాధితుల సేవకు పూనుకొనిరి. మరల అట్టి వరద రాకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి ఉపాయమడిగిరి. ఆయన ఆలోచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. గండిపేట నీళ్ళు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని సామెతగా చెప్పుకొందుము గాని, ఆ నీటి వెనుక అంతమంది మృతులున్నారని తలచువారు అరుదు.

మృతులను గౌరవించుటయన ఏమో శ్రీమద్రామాయణము మనకు రెండు తావులలో చూపినది. మొదటిది అందరెరిగినదే. సీతమ్మను విడిపింపబోయి రెక్కలు తెగి పడిన జటాయువునకు శ్రీరామచంద్రుడు స్వయముగా దహనక్రియ జరిపి, తమ్మునితో గోదావరికి పోయి నీళ్ళు విడిచెను. సీతను పోగొట్టుకొన్న దుఃఖము కంటె, తన కొరకు ఈ పక్షి మరణించిన దుఃఖమే తన్ను ఎక్కువ బాధించుచున్నదని లక్ష్మణునితో చెప్పెను. అయితే స్వామి అక్కడ నిలిచిపోలేదు. జటాయువు సగములో విడిచిన పని, సీతను విడిపించుట, ఆ పనికై దక్షిణముగా నడచెను.

రెండవది అంతగా ప్రవచనములలో వినబడదు. నాకు మాత్రము అదియే ఎక్కువ ప్రియము. సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయి, ప్రాయోపవేశమునకు కూర్చున్న వానరులకు జటాయువు అన్నగారగు సంపాతి కనబడెను. తమ్ముడు పోయెనని వారి మాటలవలననే ఆయనకు తెలిసినది. వృద్ధుడు, రెక్కలు కాలినవాడు. సీత లంకలో నున్నదని వానరులకు చెప్పిన పిమ్మట ఆయన కోరినదొక్కటే: తమ్మునికి నీళ్ళు విడువవలెను, తన్ను సముద్రమునొద్దకు చేర్చుడని. ఆలోచింపుడు. వానరులకు జాడ దొరికినది, కాలము మించినది, ఇక లేచి పరుగెత్తవలసినదే. అయినను వారు ముందుగా ఆ ముసలి పక్షిని సముద్రతీరమునకు చేర్చిరి. తర్పణము విడిచినవాడు సంపాతి. తీరమునకు తీసికొనిపోయినవారు, ఆయనకు ఏ బంధుత్వమును లేని వానరులు.

ఇప్పటి మాటలో స్వచ్ఛంద సేవ యనునది ఇదియే గదా!

మన పూర్వాచార్యులు జటాయువు కథను కథగా విని ఊరకుండలేదు. ఆళవందారుల శిష్యుడు మాఱనేరి నంబి నాల్గవ వర్ణమున పుట్టిన మహాభాగవతుడు. ఆయన పరమపదించినప్పుడు పెరియనంబి తామే అంత్యసంస్కారమును జరిపిరి. శ్రీరంగములోని వారు తప్పుపట్టిరి. భగవద్రామానుజులు కారణమడుగగా, శ్రీరాముడు ఒక పక్షికి చేసినది తాను ఒక భాగవతునకు చేయరాదా యని వారు సమాధానమిచ్చినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. పోయినవాని కులమడిగిన తరువాత చేయు సేవ సేవ కాదని ఆ మహనీయుల ఆచరణ చెప్పుచున్నది.

ఈ ఆచరణకు మన తెలుగునాట కఠినమైన పరీక్ష 1977 నవంబరు 19న వచ్చినది. అది కార్తీకమాసము, శనివారము. కృష్ణాజిల్లా దివిసీమపై తుపాను విరుచుకొనిపడి, ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చివేసినది. చనిపోయినవారు పదివేలకు పైబడిరి. వేణుగోపాలుడు వెలసిన హంసలదీవి యున్న సీమ అది! పొలములలో, ముళ్ళకంపలలో, కాలువగట్లపై శవములు. ఎత్తుటకు బంధువులు లేరు, గుర్తించుటకు పొరుగువారును లేరు. ఎక్కడెక్కడినుండియో వచ్చిన సేవకులు ముక్కులకు గుడ్డలు కట్టుకొని వాటిని పోగుచేసి సామూహికముగా దహనము చేసిరి. ఎవరు ఏ కులమో, ఏ మతమో అడుగుటకు అక్కడ తావు లేదు. ఆ ప్రాంతపు నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారు ప్రజల నడుమ నిలిచి పనిచేసిరి. నటులు నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు ఊరూర తిరిగి విరాళములు సేకరించిరి. మదర్ థెరిసా వచ్చిరి. రామకృష్ణ మిషన్ వారు ఇండ్లు కట్టించి ఇచ్చిరి.

తరువాతి కాలమున తీరము పొడవున తుపాను రక్షణ భవనములు లేచినవి. 1990 మే నెలలో అంతకు తీసిపోని తుపాను అదే కృష్ణాతీరమును తాకినది. ముందుగనే లక్షకు పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. ప్రాణనష్టము వేయిమందికి లోపుగా నిలిచినది. వేయిమంది తక్కువయని నేననుట లేదు, ప్రతి ప్రాణమును ప్రాణమే. కాని 1977లో పోయినవారు 1990లో ఎందరి ప్రాణములనో నిలిపిరని నా విశ్వాసము. వారికి అంతకు మించిన తిలోదకము ఏది?

సేవకు బయలుదేరువారిని చూచి ఒకటి రెండు మాటలు చెప్పక తప్పదు. విపత్తు వచ్చిన మొదటి వారమున జనము తండోపతండములుగా వత్తురు, రెండవ నెలలో ఒక్కడును కనబడడు. పెట్టె అడుగున పడియున్న చినిగిన బట్టలను మూటకట్టి పంపి పుణ్యము వచ్చినదనుకొనువారును కలరు. స్వామికి మాసిన వస్త్రమును సమర్పింతుమా? రొట్టె ఇచ్చుచు ఫొటో తీయించుకొనుట మరొక జాడ్యము. కైంకర్యమునకు కర్తృత్వాభిమానము పొసగదని నిత్యము చదువుకొను మనకు వేరుగా చెప్పవలెనా?

తిరుమలలో 2000 సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవలో పాల్గొని వచ్చినవారు మన పేటలోను ఉందురు. కొండమీద క్యూలలో యాత్రికులకు సాయపడిన ఆ చేతులకు ఇచ్చటను పని కలదు. రోడ్డు ప్రమాదములో ఇంటి పెద్ద పోయినచో ఆ ఇల్లాలిని మరణ ధ్రువపత్రమునకు, పింఛనుకు కార్యాలయముల చుట్టు త్రిప్పుకొని రాగల పెద్దమనిషి కావలెను. కన్నకొడుకును పోగొట్టుకొన్న ముసలి దంపతులను నెలకొకమారు ఆసుపత్రికి తీసికొనిపోవు యువకుడు కావలెను. తల్లిదండ్రులు పోయిన పిల్లకు ఈ యేడు మాత్రమే కాక, చదువు ముగియువరకు ఫీజు కట్టు గృహస్థు కావలెను. రక్తదానము చేయువారు కావలెను. వారికేమి కావలెనో మనము నిర్ణయింపరాదు, అడిగి తెలిసికొనవలెను. ఎక్కడికి పోవలెనో సంపాతియే చెప్పెను, వానరులు అక్కడికే తీసికొనిపోయిరి.

వాల్మీకి మహర్షి ఇంకొక మాటయు వ్రాసెను. చదువుచు చదువుచు దాటిపోదుము గాని ఆగి చూడదగినది. తర్పణమైన పిమ్మట వానరులు ఆ పక్షిరాజును ఒడ్డున విడిచిపోలేదు. మరల తీసికొనివచ్చి ఆయన చోటికే చేర్చిరి.