కాపరిని ఎన్నుకొను దినము

ధ్యానమునకు వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 1:15–26



మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘములో నాయకుల ఎన్నిక సమీపించినప్పుడెల్లా పల్లెలలో ఒకే మాట వినబడును: "ఈసారి ఎవరు నిలబడుచున్నారు?" మిరప కల్లముల దగ్గరను, పత్తి చేలలోను, ఆరాధన ముగిసిన పిమ్మట గుడి ముంగిటను ఇదే ప్రశ్న. అది తప్పు ప్రశ్న కాదు. అయితే దానికంటె ముందు అడుగవలసినది ఒకటి గలదు. నిలబడుచున్న ఆ అయ్యగారు ఇంతవరకు ఎక్కడ నిలబడి యుండిరి?

యూదా స్థానము ఖాళీ అయినప్పుడు యెరూషలేములో ఇంచుమించు 120 మంది కూడుకొనిరి. ఆ పదవికి తగినవాడు ఎవడు? పేతురు వాక్చాతుర్యమును అడుగలేదు, బంధుబలగమును లెక్కింపలేదు. యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు ఆరోహణమైన దినమువరకు తమతో కూడ ఉన్నవాడే కావలెనని చెప్పెను. కలిసి నడచినవాడు, కష్టదినములలో విడిచిపోనివాడు. ఇదే మొదటి సంఘము పెట్టిన కొలత.

మన పాస్టర్లకును ఇదే కొలత తగును. వేదాంత పాఠశాలలో చదువు ముగించి, అభిషేకము పొంది, ఒక్కొక్కరు అనేక గ్రామములు గల ప్యారిషునకు పోవుదురు. మిరప ధర పడిపోయి కౌలు రైతు తల పట్టుకొని కూర్చున్న రాత్రి ఆ యింటి గడప తొక్కినదెవరు? చిన్న పల్లెకు బదిలీ అయినప్పుడు సణగక వెళ్లినదెవరు? కానుకల లెక్క సంఘము ఎదుట చదివి వినిపించినదెవరు? గుంటూరు యార్డులో మిరప కొనువాడు బస్తా మూతి దగ్గరి కాయను చూచి ధర కట్టడు. లోపలికి చేయి పెట్టి, తాలుకాయ ఎంత ఉన్నదో తీసి చూచును. బస్తా మిరపకాయలకే అంత జాగ్రత్త పడు మనము, వేలాది ఆత్మలను కాయవలసినవాని విషయములో మూతి దగ్గరి కాయతోనే తృప్తిపడవచ్చునా?

మన పితరుల చరిత్రను జ్ఞాపకము చేసికొందము. హయ్యరు దొరగారు 1842 జూలై 31న గుంటూరు చేరినప్పుడు ఆయన వయస్సు 49 సంవత్సరములు. 1869లో రాజమండ్రి మిషను ఇతరుల చేతికి పోవలసిన స్థితి కలిగినప్పుడు, 76 ఏండ్ల వయస్సులో ఆయన తన్ను తానే అర్పించుకొని మరల ఈ దేశమునకు వచ్చెను. ఆయన కోరినది పీఠము కాదు, పనివాడు లేని పొలము. 1927లో మన సంఘము ఏర్పడెను. 1944లో రెవరెండు ఇ. ప్రకాశముగారు మొదటి భారతీయ అధ్యక్షుడాయెను. హయ్యరుగారు వచ్చిన 102 సంవత్సరములకు నాయకత్వము మన బిడ్డల చేతికి వచ్చెను. దానితోకూడ దానిని కాపాడు భారమును మనమీదనే పడెను.

పదవిని ఆశించుటయే పాపమా? కాదు. అధ్యక్షత్వమును కోరువాడు మంచి పనినే కోరుచున్నాడని పౌలు తిమోతికి వ్రాసెను. అయితే యోతాము చెప్పిన ఉపమానమును మరువరాదు (న్యాయాధిపతులు 9). ఒలీవ, అంజూరము, ద్రాక్ష రాజ్యమును వద్దనగా, చివరకు ముండ్లపొద రాజాయెను. "ఈ గొడవలు నాకెందుకు?" అని మంచి కాపరులందరు ప్రక్కకు తొలగినచో ఆ స్థలము ఖాళీగా ఉండదు. కాబట్టి యోగ్యుడైన కాపరి ప్రార్థనతో ముందుకు వచ్చుట కూడ విధేయతయే.

ఇక ఓటు వేయు ప్రతినిధులకు ఒక మాట. "మన ఊరివాడు, మన కులమువాడు, మా అబ్బాయికి బడిలో ఉద్యోగము ఇప్పించునన్నాడు" అను లెక్కలు పేతురు చెప్పిన కొలతలో లేవు. ఎన్నికల తగవులు న్యాయస్థానముల మెట్లెక్కుట మన సంఘమునకు క్రొత్త కాదు. పత్తి తీసి కూలి తెచ్చుకొన్న తల్లి కొంగుముడి విప్పి వేసిన కానుక వకీళ్ల ఫీజుగా మారినచో, ఆమెకు మనమేమి జవాబు చెప్పుదుము? ఆ తల్లి మనకంటె తక్కువది కాదు. రైతు, కమ్మరి, చెప్పులు కుట్టువాడు, బిషప్పు, అందరును దేవుని యెదుట యాజకులేయనియు, వారి పనులు మాత్రమే వేరనియు మార్టిన్ లూథరు 1520లోనే బోధించెను. అధ్యక్షుడనుడి, బిషప్పనుడి, అది ఆమెకు సేవచేయు పని.

చివరగా, ఆ దినమున ఎన్నుకొనబడని యోసేపు బర్సబ్బాను చూడుడి. అతడు సణిగెననిగాని, వేరు గుంపు కట్టెననిగాని లేఖనములో లేదు. ఎన్నుకొనబడిన మత్తీయ పేరు సైతము తరువాత మరల కనబడదు. ఇద్దరి పేర్లును మరుగాయెను. సువార్త మాత్రము యెరూషలేమునుండి లోకమంతటికి వ్యాపించెను. ఓడిన మరుసటి ఆదివారము తన పల్లె గుడిలో సంతోషముగా గంట కొట్టించి ఆరాధన నడిపించు అయ్యగారు ఏ సంఘములో ఉన్నారో ఆ సంఘము ధన్యమైనది. గెలిచినవారు అట్టివానిని వెదకి, చేయి పట్టుకొని, పనిలో పాలు ఇయ్యవలెను.

ప్రార్థింతము: అందరి హృదయములను ఎరిగిన ప్రభువా, నీవు ఏర్పరచుకొన్నవానిని మాకు కనుపరచుము. గెలిచినవానికి తగ్గింపును, ఓడినవానికి సమాధానమును, ఓటు వేయు మాకు నీ భయమును దయచేయుము. నీ మందను ఒక్కటిగా కాపాడుము. ఆమేన్.