చెప్పింది చిన్నవాడైతే?

"అబ్బాజాన్, ఆ చెరువు 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యం హద్దులో ఉంది. 2006లో గట్లు పగలగొట్టారు కదా! పైగా వడ్డీ అప్పుతో లీజా?" అని కొడుకు అంటే మనలో ఎందరం సహిస్తాం? "నువ్వా నాకు చెప్పేది?" అంటాం.

బద్ర్‌లో (క్రీ.శ. 624) దైవప్రవక్త (స) ఒకచోట విడిది చేశారు. ఈ చోటు అల్లాహ్ ఆజ్ఞా, మీ అభిప్రాయమా అని హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) అడిగారు. అభిప్రాయమేనన్నారు. అయితే శత్రువుకు దగ్గరి బావి వద్ద దిగుదామన్నారాయన. దైవప్రవక్త (స) ఆ సలహా స్వీకరించి విడిది మార్చారని సీరా గ్రంథాలు చెబుతాయి. వహీ అందుకునే మహనీయులే ఒక అనుచరుని మాట విన్నారు. మనకేమో కన్నకొడుకు మాట నామోషీ!

హుబాబ్ (రజి) అదబు కూడా చూడండి, ముందు అడిగారు, తర్వాతే చెప్పారు. నలుగురిలో తండ్రి పరువు తీసి నసీహత్ చేశాననుకునే కొడుకులూ ఉన్నారు. కాని ఆ వంకతో తండ్రి సంతకం పెడితే, వడ్డీ హలాల్ అవుతుందా?