నిక్షేపము

మన భాషలో నిక్షేపమను మాటకు రెండర్థములు కలవు. జనులు నిధినిక్షేపములని జంటగా పలుకునపుడు, పూర్వులెవరో భూమిలో పాతిపెట్టగా అదృష్టవంతునికి దొరకు ధనమని తలంతురు. ధర్మశాస్త్రకారుల యర్థము వేఱు. ఒకడు నమ్మకముతో మఱియొకని చేత నుంచిన సొత్తు, అడిగిననాడు ఉంచినది ఉంచినట్లు తిరిగి యీయవలసినది, వారికి నిక్షేపము. మనుస్మృతి పదునెనిమిది వివాదపదములలో ఋణాదానము తరువాత దీనినే చెప్పినది. మొదటి యర్థమున వస్తువు దొరకినవానిది. రెండవ యర్థమున దానిని చేతనుంచుకొన్నవాడు కావలివాడే గాని స్వామి కాడు. పూర్వులు విడిచిపోయిన గుహలు, శాసనములు, పాతయూళ్లు ఈ రెండింటిలో ఏ తీరు నిక్షేపములు? ఈ ప్రశ్నమునే ఇచట విచారింపదలచితిమి.

ఇందుకు దూరదేశము పోనక్కఱలేదు. అజంతా యెల్లోరాలు చూచుటకు రైలెక్కువారు మనలో పెక్కురు కలరు. కాని పెరటిచెట్టు మందునకు రాదు గదా! మా నాదర్‌గుల్ గ్రామమునకు కొలదిదూరముననే, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొనియున్న చైతన్యపురియందు, మూసీనది దాపున ఒక గుట్ట కలదు. దానిపై లక్ష్మీనరసింహస్వామి కొలువైయున్నాడు. అచటి బండపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసనమొకటి యున్నది. అది క్రీస్తుశకము 4, 5 శతాబ్దముల నాటిదనియు, విష్ణుకుండి రాజుల కాలమునకు చెందినదనియు పండితులు నిర్ణయించిరి. అందు గోవిందరాజవిహారము పేర్కొనబడినది. పిండపాతికులకు, అనగా భిక్షాన్నముతో జీవించు భిక్షువులకు, రాతిగది యేర్పఱచిన సంగతి చెప్పబడినది. 1591లో పుట్టిన హైదరాబాదు నగరముకంటె ఈ యక్షరములు వేయి సంవత్సరములకు పైగా పెద్దవి. రేపటికి గింజ దాచుకొననివారి పేర వ్రాసిన మాట ఇంతకాలము నిలిచినది. కోటలు కట్టిన వారి మాటలు పెక్కు మాసిపోయినవి.

కొంతకాలము క్రిందట మేము కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ గుట్టనుండి తూర్పుదారిని పోయితిమి. విజయవాడ త్రోవప్రక్క వనస్థలిపురమున హరిణవనస్థలి యున్నది. ఒకనాడది నిజాము ప్రభువుల వేటభూమి. మహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భమున, 1975లో, ఆ మహాత్ముని పేర జింకలకు రక్షితస్థలమై, 1994లో జాతీయోద్యానమైనది. వేటకాండ్రు తిరిగిన నేలకు అహింసాచార్యుని పేరు వచ్చినది! అధికారము తలచెనేని, హింసకై కాచిన భూమినే దయకై కాయగలదని ఇచట తేటపడుచున్నది.

పిమ్మట రామన్నపేట ప్రాంతమునందలి తుమ్మలగూడెము చేరితిమి. ఇదియే పూర్వము ఇంద్రపాలనగరము. ఇచట దొరకిన రాగిరేకులవలన, గోవిందవర్మ మహారాజు తన రాణి పరమభట్టారికామహాదేవి కట్టించిన బౌద్ధవిహారమునకు దానమిచ్చెనని తెలియవచ్చినది. ఆ వంశమువాడే యగు విక్రమేంద్రవర్మ శాసనము శకవర్షము 488, అనగా క్రీస్తుశకము 566 నాటిది. నేడది పొలముల నడుమ నొక పల్లె. అచట ఒక విద్యార్థి మమ్ముల నిట్లడిగెను: “అయ్యా, ఈ రాళ్లు లేకపోయినచో నష్టపడువాడెవ్వడు?”

ఆ ప్రశ్న పరిహాసమునకు అడిగినది కాదు. తేలికగా తీసివేయదగినదియు కాదు. వ్యవహారమున నిక్షేపమునకు ముగ్గురుందురు: ఉంచినవాడు, కాచువాడు, తిరిగి పుచ్చుకొనువాడు. కాచువాడు అపహరించెనేని న్యాయస్థానమున నిలిచి అడుగుటకు వాది యుండును. ఈ నిక్షేపమునం దుంచినవాడు గతించినాడు. పుచ్చుకొనవలసినవాడు ఇంకను పుట్టలేదు. మధ్యనున్న మనమొక్కరమే బ్రతికియున్నాము. వాది లేని వ్యాజ్యమిది. కనుకనే దీనియందు ధర్మము పరీక్షకు నిలుచును. అడుగువాడున్నపుడు సొత్తు తిరిగి యిచ్చుట భయమువలన గావచ్చును. అడుగువాడు లేనపుడు కాచుటయే ధర్మము. పాడుపడిన గుళ్లలో గుప్తనిధులకై గడ్డపారలతో త్రవ్వువారు తెలుగుదేశమున నేటికిని కలరు. వారు మాటయొక్క మొదటి యర్థమును మాత్రమే యెఱిగినవారు. గుట్టను మందుగుండుతో ప్రేల్చి కంకరచేసి అమ్ముకొనువాడును ఆ బడిలో చదివినవాడే.

చైతన్యపురి బండను ఇంతకాలము కాచినదెవరు? ఆ లిపిని చదువనేర్చిన పండితులు మొన్నమొన్న వచ్చినవారు. అంతకుమున్ను నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టుటకు వచ్చిన భక్తులు ఆ గుట్టను పవిత్రమని నమ్మిరి. నగరముచుట్టు నెన్నో గుట్టలు రాతిపనికి కరగిపోగా, ఈ బండ నిలుచుటలో వారి నమ్మకమునకు పాలు కలదని మేము తలంతుము. బౌద్ధుల మాటను వైష్ణవుల భక్తి, తా నెఱుగకయే, కాచినది. దీనివలన ఒకటి స్పష్టము: తెలియని ప్రేమ కొంతవఱకు కాచును, ప్రేమలేని తెలివి చదివి, నకలు తీసికొని, వెడలిపోవును. రెండును కలిసినపుడే నిక్షేపము భద్రము.

అయితే మాకొక ప్రతివాదము వినబడుచున్నది. “పాతరాళ్లకై బ్రతికియున్నవాని పొలమునకు సంకెల వేయుదురా? ఊరు ఊరుగానే యుండవలెనని పట్టణమున సుఖముగానున్నవారు పల్లెవానిని శాసింపవచ్చునా?” ఇది న్యాయమైన మాట. నాగార్జునకొండ లోయను తలచుకొందము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. మునుగబోవు లోయలో 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున త్రవ్వకములు సాగినవి. విహారముల శిలలను జాగ్రత్తగా తరలించి, కొండపైనను అనుపునందును తిరిగి నిలిపిరి. అది మెచ్చదగిన కార్యము. కాని ఆ లోయలో పొయ్యి రాజేసి బ్రతికిన పల్లెలవారును ఇండ్లు విడిచిపోయిరి గదా! శిలలను చూచుటకు నేడు పడవలు పోవుచున్నవి. ఆ మనుష్యుల త్యాగమును తలచువారెందఱు?

కావున రాతిని కాచుట మనిషిని మఱచుటకు సాకు కారాదు. నిక్షేపము అందఱిదైనపుడు దానిని కాచు భారమును అందఱిదే. ఒక రైతు పొలమున శాసనము బయల్పడెనేని, ఆ మేర నేలకు తగిన మూల్యము ప్రజాధనమునుండి చెల్లింపవలెను. వానిని దొంగవలె చూడక కావలివానిగా గౌరవింపవలెను. భయపడినవాడు రాతిని రాత్రికి రాత్రి పూడ్చివేయును. గౌరవింపబడినవాడు పదిమందిని పిలిచి చూపును.

పాఠశాలలవారు చేయదగిన పని యొకటి కలదు. మన బాలురు దూరపు రాజుల వంశావళిని అప్పగింతురు గాని, తమ యూరి బండపై నున్న మాటను ఎఱుగరు. ప్రతి పాఠశాలయు తన యూరి శాసనమును, గుడిని, చెఱువును ఏడాదికొకసారియైన పిల్లలకు చూపవలెను. శాసనభావమును తేటతెలుగున ఒక పలకపై వ్రాసి దాపున నిలుపవలెను. ఆలయార్చకునికిని, కాయకసుమములమ్ము స్త్రీకిని అది చదివి వినిపింపవలెను. కాచుచున్నవారికి తాము కాచుచున్నదేమో తెలియుట వారి హక్కు.

ఆ విద్యార్థి ప్రశ్నకు మా యుత్తరమిది: నష్టపడువాడు నేడు కానరాడు, రేపు పుట్టును. పిండపాతికులకు నీడ కల్పించినవాడు మనల నెఱుగడు. అయినను మనకొక మాట విడిచిపోయినాడు. మనమెఱుగని వారికి ఆ మాటను చెడకుండ అప్పగించుట మన ఋణము.