అద్దాల తొట్టి, అహింసా వ్రతం

అక్వేరియంలో చేపను పెంచడం అహింసకు ఎంతవరకు పొసగుతుందన్న ప్రశ్నకు జైన ఆచార శాస్త్రం సూటిగా జవాబిస్తుంది. గృహస్థుడు పాటించే అహింసాణువ్రతానికి కలిగే అతిచారాలను, అంటే దోషాలను, ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం ఏడో అధ్యాయంలో ఐదుగా లెక్కించాడు: బంధం, వధ, ఛేదం, అతిభారారోపణం, అన్నపాన నిరోధం. వీటిలో బంధం మొదటిది. పంచేంద్రియ జీవి అయిన చేపను నాలుగు గాజు పలకల మధ్య ఉంచడం బంధమే. అంటే తొట్టి పెట్టినవాడు దోషంతోనే మొదలుపెడతాడు. ఆ తర్వాత అతడు ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న.

గృహస్థుల నియమాలను చెప్పే శ్రావకాచార గ్రంథాల వ్యాఖ్యాతలు బంధాన్ని రెండు రకాలుగా చూశారు. జీవి మేలును గమనంలో ఉంచుకుని కట్టడం ఒకటి, దాని గతి పట్టించుకోకుండా కట్టడం మరొకటి. పశువును కట్టక తప్పనప్పుడు, నిప్పంటుకుంటే విడిపించుకునేలా ముడి వదులుగా వేయాలని వారు చెప్పారు. తొట్టికి అలాంటి వదులు ముడి లేదు. ఏటిలో నీరు చెడితే చేప మరోచోటికి ఈదిపోగలదు. తొట్టిలో ఆ దారిని మూసింది యజమాని గనుక, నీరు మార్చడం అతడు తీర్చవలసిన బాకీ అవుతుంది.

చేప విసర్జించే అమ్మోనియా, మిగిలిన మేత కుళ్లి పుట్టే అమ్మోనియా దానికే విషం. ఫిల్టర్ స్పాంజిలో, అడుగున గులకరాళ్ల మీద ఉండే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ అంత హాని చేయకపోయినా నీటిలో పేరుకుపోతుంది. నీరు మార్చేది ముఖ్యంగా దీన్ని తగ్గించడానికే. తొట్టి మొత్తం ఖాళీ చేసి తోమి కడిగితే కంటికి శుభ్రంగా ఉంటుంది గానీ, ఆ బాక్టీరియా నశించి అమ్మోనియా మళ్లీ పెరుగుతుంది. కొత్త తొట్టిలో బాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే వారానికి 10 నుంచి 25 శాతం నీరు మార్చడం క్షేమం. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి.

ఏమరుపాటుతో చేసిన పని వల్ల ప్రాణహాని జరిగితే అది హింసేనని తత్త్వార్థ సూత్రం నిర్వచిస్తుంది. మేలు చేయాలన్న తలంపు ఒక్కటే చాలదు, మెలకువ కూడా కావాలి. కుళాయి నీటిని నేరుగా పోస్తే అందులోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది. నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. క్లోరమిన్ కలిపిన నీటికి ఇది పనిచేయదు, తగిన మందు వేయాలి. కొత్త నీటి వెచ్చదనానికీ పాత నీటి వెచ్చదనానికీ ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. చాలాకాలం మార్చని నీరు ఆమ్లగుణం పొందుతుంది. అందులో ఒక్కసారిగా ఎక్కువ కొత్త నీరు పోస్తే పీహెచ్ పెరిగి, అంతవరకు అంతగా హాని చేయని అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది.

జైన గృహస్థుల పాత ఆచారంలో ఇదే మెలకువ కనిపిస్తుంది. నీటిని వడగట్టాక, గుడ్డలో మిగిలిన సూక్ష్మజీవులను తోడిన బావిలోనే తిరిగి వదులుతారు. ఒక నీటికి అలవాటుపడ్డ ప్రాణి మరో నీటిలో చనిపోవచ్చన్న గ్రహింపు ఈ ఆచారానికి మూలం.

వ్యర్థాలను ఏ జీవికీ హాని కలగని చోట విడవాలనే నియమం ఉత్సర్గ సమితి. మునులకు విధించిన ఈ నియమం తొట్టి నీటికీ వర్తిస్తుంది. ఆ నీటిని మొక్కలకు పోయవచ్చు. నీటినీ, వద్దనుకున్న చేపలనూ చెరువులో మాత్రం వదలకూడదు. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేప అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చి, ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో దెయ్యం చేప అన్న పేరుతో రైతులను బాధపెడుతోంది.

జైన దర్శనంలో నీరు కూడా ఏకేంద్రియ జీవమే కదా, దాన్ని పారబోయడం హింస కాదా అన్న ఆక్షేపణ రావచ్చు. అణువ్రతం చలించే జీవుల హింసను మానమంటుంది, నీటి వంటి స్థావర జీవుల హింసను అవసరం మేరకే పరిమితం చేయమంటుంది. కొద్దికొద్దిగా నీరు మార్చే పద్ధతి ఈ రెంటికీ సరిపోతుంది. ఇంత చేసినా బంధమన్న మొదటి దోషం మాసిపోదు. ఉన్న చేపలను చివరిదాకా శ్రద్ధగా సాకి, కొత్తవాటిని తేకపోవడమే ఆ దోషాన్ని ముగించే మార్గం.