ఆరంభక సంయోగం: విడిభాగాల కారు, టర్బోచార్జరు, అవయవి వివాదం

భాగాల కూడికకూ ఆ భాగాలతో ఏర్పడిన వస్తువుకూ భేదం ఉందా అన్నది భారతీయ దర్శనాలలో శతాబ్దాల తరబడి నలిగిన వివాదం. దారాలు అవయవాలైతే, అంటే భాగాలైతే, వాటిని ఆశ్రయించి ఉండే వస్త్రం అవయవి. అవయవి దారాలకంటే వేరైన కొత్త ద్రవ్యమని న్యాయ వైశేషికులు వాదించగా, దారాల అమరికకు లోకం పెట్టుకున్న పేరే వస్త్రమనీ అంతకుమించి అక్కడ ఏమీ లేదనీ బౌద్ధులు తోసిపుచ్చారు. ఈ వాదంలో కుండ, వస్త్రం, రథం మళ్లీమళ్లీ సాక్ష్యానికి వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండులో పెరిగిన ఒక వాహనజాతి వాటన్నిటికంటే పనికివచ్చే సాక్షి, ఎందుకంటే అది కొనుగోలుదారు చేతికి విడిభాగాలుగానే చేరుతుంది. దానికి తక్కువ ఖర్చులో టర్బోచార్జరు బిగించాలన్న కోరిక పుట్టినప్పుడు పాత ప్రశ్న పరీక్షకు నిలుస్తుంది.

కాలిన్ చాప్‌మన్ నడిపిన లోటస్ సంస్థ 1957లో విడుదల చేసిన లోటస్ సెవెన్ సుమారు అయిదు వందల కిలోల బరువున్న, తలుపులు లేని రెండు సీట్ల కారు. అప్పటి బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారుపై కొనుగోలు పన్ను ఉండేది. పెట్టెల్లో పెట్టి అమ్మిన భాగాలను యజమాని ఇంట్లో కూర్చుకుంటే ఆ పన్ను పడేది కాదు. 1973లో ఆ పన్ను రద్దై విలువ ఆధారిత పన్ను వచ్చేదాకా ఈ వెసులుబాటు కిట్ కారును, అంటే విడిభాగాలుగా అమ్మే కారును, పోషించింది. కూర్చే విధానాన్ని కాగితంపై ఇస్తే పన్ను పడుతుంది గనుక విప్పే విధానాన్ని ముద్రించి ఇచ్చారనీ, కొన్నవారు దాన్ని వెనకనుంచి ముందుకు చదువుకున్నారనీ ఒక కథ కూడా వ్యాప్తిలో ఉంది. కథ మాట ఎలా ఉన్నా, పన్నుల శాఖ తనకు తెలియకుండానే నైయాయికుల, అంటే న్యాయ దార్శనికుల, పక్షాన నిలిచింది: భాగాలన్నీ ఒకేచోట ఉన్నా కారు ఇంకా పుట్టలేదని అది ఒప్పుకుంది.

ఆ ఒప్పుకోలు బౌద్ధులకు పూర్తిగా ప్రతికూలం కాదు. బౌద్ధ గ్రంథమైన మిలిందపన్హలో భిక్షువు నాగసేనుడు ఇరుసు రథమా, చక్రం రథమా అని ఒక్కొక్కటే అడిగి, కాదనిపించి, రథమన్నది భాగాల ఆధారంగా వాడే వ్యవహారనామమని రాజుకు చెబుతాడు. ఏడవ శతాబ్దపు బౌద్ధ దార్శనికుడు చంద్రకీర్తి మరింత ముందుకు వెళ్లి, భాగాల కుప్పే రథమైతే విప్పి పోసిన భాగాలూ రథమే కావాలి గదా అని అడిగి, కుప్పను కూడా తిరస్కరించాడు. పెట్టెల్లో ఉన్న లోటస్ సెవెన్‌పై పన్ను వేయని గుమాస్తా చంద్రకీర్తితో ఇక్కడిదాకా ఏకీభవిస్తాడు. బిగించిన కారు ఎదురుగా నిలిచినప్పుడే ఇద్దరి దారులూ వేరవుతాయి.

బౌద్ధ తార్కికులు వేసిన మరో ప్రశ్న తేలిక కారు విషయంలో మరీ సూటిగా తగులుతుంది: అవయవి నిజంగా వేరే ద్రవ్యమైతే, భాగాల బరువుకు తోడు దాని బరువు కూడా చేరి త్రాసు మరికొంత వంగాలి గదా? నైయాయికులు దీనికి రకరకాల సమాధానాలు వెతికారు గానీ ఏదీ అంత తృప్తికరంగా తోచదు. కిట్ కారు కూర్చినవారు నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పళ్లేలు పెట్టి చూసుకుంటారు. అక్కడ కనిపించేది భాగాల మొత్తమే. 1996లో రాన్ చాంపియన్ రాసిన పుస్తకం పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలతో, చదరపు ఇనుప గొట్టాల చట్రంతో, చాలా తక్కువ ఖర్చులో లోటస్ సెవెన్ లాంటి కారు చేసుకోవచ్చని చూపింది. తరవాతివారు మాజ్దా ఎంఎక్స్-5ను దాతగా, అంటే భాగాలిచ్చే కారుగా, ఎంచుకున్నారు. మొదటి తరం ఎంఎక్స్-5లో సుమారు 115 అశ్వశక్తి ఇంజను దాదాపు 950 కిలోల కారును లాగేది, అంటే టన్నుకు 121 అశ్వశక్తి. అదే ఇంజనును మొత్తం 550 కిలోల కారులో పెడితే టన్నుకు 209 అవుతుంది. ఇంజనును ముట్టుకోకుండానే, కేవలం తీసివేత వల్ల ఇంత లాభం వచ్చాక టర్బో ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. తేలికదనాన్ని సిద్ధాంతంగా పెట్టుకున్న చాప్‌మన్ సంస్థే 1980లో ఎస్ప్రిట్ టర్బోను తెచ్చింది గనుక, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధాంతంలో దొరుకుతుందని ఆశించలేము.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూఖి 1905లో పేటెంటు పొందిన ఆలోచన నుంచి ఎదిగిన టర్బోచార్జరు, ఇంజను వదిలే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు మరో చివర ఉన్న చక్రంతో బయటి గాలిని ఇంజనులోకి నొక్కి పంపే యంత్రం. దీన్ని బోల్టులతో బిగించడం తర్కపరిభాషలో సంయోగం. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి తెలిసినట్టు, సంయోగం రెండు విడి ద్రవ్యాల కలయిక, విడదీస్తే పోయేది. సమవాయం అవయవానికీ అవయవికీ మధ్య ఉన్నటువంటి, విడదీయరాని సంబంధం. ప్రతి సంయోగమూ కొత్త ద్రవ్యాన్ని పుట్టించదు. చేయి పుస్తకాన్ని తాకితే మూడో వస్తువు రాదు. కొత్త అవయవిని పుట్టించే కలయికకు ఆరంభక సంయోగమని పేరు. తక్కువ ఖర్చు పథకమంతా టర్బో కలయిక ఆరంభకం కాదన్న ఆశపై, అంటే పాత కారు పాత కారుగానే ఉండి దానికి ఒక భాగం అదనంగా చేరుతుందన్న నమ్మకంపై, ఆధారపడి ఉంటుంది.

ఇంజను ఆ నమ్మకాన్ని నిలవనివ్వదు. బయటి గాలి పీడనం సుమారు ఒక బార్ అనుకుని టర్బో దానికి అర బార్ చేర్చితే గాలి ఒకటిన్నర రెట్లు లోపలికి వెళ్తుందని తోస్తుంది. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది, 20 డిగ్రీల గాలి మామూలు సామర్థ్యమున్న టర్బోలో సుమారు 70 డిగ్రీలకు చేరుతుంది, వేడి గాలి పలచన గనుక అసలు పెరుగుదల యాభై శాతం కాక ఇరవై ఎనిమిది దగ్గరే ఆగుతుంది. అందువల్ల ఇంటర్‌కూలర్ అనే గాలిని చల్లార్చే జాలీ కావాలి. దానికి రేడియేటరు ముందు చోటు కావాలి, చోటిస్తే రేడియేటరుకు అందే గాలి తగ్గుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి సరిపోతుంది గనుక గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, ఒత్తిడిలో ఆ పాళ్లకు మించి పెరగాలి. దాత కారు ఇంజెక్టర్లకు అంత స్తోమత ఉండకపోవచ్చు. ఆ ఎంఎక్స్-5 ఇంజను మిశ్రమాన్ని 9.4 రెట్లు కుదిస్తుంది, ఆ కాలపు కర్మాగార టర్బో ఇంజన్లు ఎనిమిది రెట్ల దగ్గరే ఆగేవి. ఎక్కువ కుదింపుకు టర్బో ఒత్తిడి తోడైతే మిశ్రమం తనంతట తాను పేలి నాకింగ్ పుడుతుంది, పిస్టన్ పగులుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది గనుక దానికి ఇంజను ఆయిల్ కావాలి, ఆ ఆయిల్ తన బరువుతోనే కిందికి జారి సంప్‌లో పడాలి. నేలకు అతి దగ్గరగా సాగే కారులో ఆ వాలు కుదరడమే కష్టం. క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు తమ వంతు కోసం వరుసలో ఉంటాయి. స్క్రాప్ యార్డులో కొన్న పాత టర్బో చవకే కావచ్చు. అది మిగిలిన ప్రతి భాగాన్నీ నువ్వెవరని కొత్తగా అడుగుతుంది. ఒక దారం తీసినా చేర్చినా పాత వస్త్రం నశించి వేరొక వస్త్రం పుడుతుందన్న వైశేషికుల మాట పుస్తకంలో మొండివాదంలా కనిపిస్తుంది గానీ, ఇంజను మూత విప్పి చూస్తే అంత మొండిగా అనిపించదు.

ఇందులో ఒక తార్కిక దోషం కూడా దాగి ఉంది. పొగ ఎక్కువైతేనే టర్బో తిరుగుతుంది, టర్బో తిరిగితేనే పొగ ఎక్కువవుతుంది. రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడడాన్ని తార్కికులు అన్యోన్యాశ్రయమంటారు. విత్తనం ముందా మొలక ముందా అన్న చోట కాలక్రమం వారికి దారి చూపింది: ఈ మొలకకు కారణం ఈ విత్తనం, ఈ విత్తనానికి అంతకుముందు మొలక. టర్బోలోనూ అంతే, పెడల్ తొక్కిన క్షణానికీ బలం అందిన క్షణానికీ మధ్య వచ్చే జాప్యం, వాహనప్రియులు టర్బో ల్యాగ్ అని విసుక్కునేది, ఆ అన్యోన్యాశ్రయం కాలంలో విప్పుకోవడమే. ఆ చక్రం అదుపు తప్పకుండా కొంత పొగను పక్కకు మళ్లించే కవాటానికి వేస్ట్‌గేట్ అని పేరు.

బ్రిటన్ వాహన నమోదు సంస్థ మాత్రం అవయవి సమస్యను లెక్కలతో తేల్చింది. మార్చిన వాహనం పాత నంబరును నిలుపుకోవాలంటే అది చాలా ఏళ్లు ఎనిమిది పాయింట్లు అడిగింది: చట్రానికి అయిదు, సస్పెన్షన్, ఇరుసులు, గేర్ వ్యవస్థ, స్టీరింగ్ ఒక్కొక్కదానికి రెండు, ఇంజనుకు ఒకటి. గుండె మారినా ఒక్క పాయింటే పోయేది. ఆ గుండెకు తగిలించిన టర్బోకు పట్టికలో చోటే ఉండేది కాదు. కాగితంపై కారు మారేది కాదు, రోడ్డుపై అది మరో కారు.

అయితే ఆ మార్పు ఉన్నది ఎక్కడ? త్రాసు చూపేది టర్బో, గొట్టాలు, ఇంటర్‌కూలర్ బరువు మాత్రమే. కొత్త ద్రవ్యం బరువేదీ చూపదు. నైయాయికుడు కొత్తదొకటి పుట్టిందని సరిగ్గానే పసిగట్టాడు గానీ దాన్ని ద్రవ్యంగా ఊహించడంలో తొందరపడ్డాడనిపిస్తుంది. ఇది ఉంటే అది ఉంటుందన్న బౌద్ధుల ప్రతీత్యసముత్పాదం, అంటే పరస్పర ఆధారంతో పుట్టుక, దాన్ని వర్ణించడానికి ఎక్కువ తగినది. బౌద్ధుడు దాన్ని వట్టి పేరని కొట్టిపారేయడంలో మాత్రం అంత న్యాయం లేదు, పేరు తప్పితే పిస్టన్ పగలదు. తక్కువ ఖర్చులో ఈ పని చేసేవారు తరచూ వాడే మెగాస్క్విర్ట్ వంటి నియంత్రణ పెట్టెలో, ఏ వేగానికి ఏ ఒత్తిడికి ఎంత పెట్రోలో చెప్పే అంకెల పట్టిక ఉంటుంది. అడ్డంగా పదహారు గళ్లు, నిలువుగా పదహారు అనుకుంటే 256 అంకెలు. ఆ అంకెలకు బరువు లేదు, అవి బోల్టు బిగించే భాగమూ కావు, కానీ అవి తప్పితే మిగిలిన భాగాలు ఒకదాన్నొకటి నాశనం చేసుకుంటాయి. అదే ఇంజను, అదే టర్బో ఉన్న పక్క కారు పట్టికను దించుకుంటే సరిపోదు. పొగగొట్టం పొడుగు మారినా అంకెలు మారాలి. డబ్బు అవసరపడి యజమాని ఆ కారును మళ్లీ విప్పి అమ్మినప్పుడు చట్రానికి ఒకరు, ఇంజనుకు ఒకరు, టర్బోకు ఒకరు దొరుకుతారు. నెలల తరబడి సరిచేసిన ఆ 256 అంకెలు మాత్రం ఎవరికీ పనికిరాక పెట్టెలో మిగిలిపోతాయి.